వంతెన పునాదులు – వరద కోత



2024 డిసెంబరు ఆరంభంలో ఫెంగల్ తుపాను మన ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. అప్పుడే మన పాంబారు కలిసే దక్షిణ పినాకిని మీద, దిగువన తిరువణ్ణామలై జిల్లాలో, అగరంపల్లిపట్టు–తొండమానూరు వంతెన కొట్టుకుపోయింది. ప్రారంభమై మూడు నెలలే. వ్యయం సుమారు 16 కోట్లు.

అంత సిమెంటు, ఇనుము నీటికెలా లొంగుతాయని పిల్లలడిగారు. నీరు స్తంభాన్ని విరగగొట్టనక్కరలేదు. ప్రవాహం స్తంభానికి తగిలి కిందికి దూకి, గుర్రపు లాడం ఆకారంలో సుడి తిరుగుతూ అడుగు ఇసుకను తవ్వుకుపోతుంది. కడలి అలల్లో నిలిచినవారి మడమల కింద ఇసుక జారడం మీకెరుకే.

అసలు ప్రమాదం ఆ తరువాత. వరద తీసేటప్పుడు ఆ గుంటలో ఇసుక మళ్ళీ నిండుతుంది. మర్నాడు చూసేవారికి ఏటి అడుగు చదునుగా, వంతెన క్షేమంగా కనిపిస్తుంది. కాని వదులుగా పేరుకొన్న ఆ ఇసుక పునాదికి ఆధారం కాదు. ఒడ్డున నిలిచి ‘బాగుంది’ అనడం పరీక్ష కాదన్నమాట! ఇనుప కమ్మీ దించి గట్టి నేల ఎంత లోతున తగులుతుందో చూడాలి. వంతెన కట్టిననాటి పటంతో పోల్చాలి. ఇసుక తవ్వకాలతో ఏటి అడుగే దిగిపోయినచోట పునాది లోతు లెక్క మళ్ళీ వేయవలసిందే.

పెద్ద నదులకే ఈ ముప్పు అనుకోరాదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోగా, డెల్టా ప్యాసింజరులో నూరుమందికి పైగా మరణించారు.

పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లున్నారు. పాంబారు వంతెనల వద్ద ఆ కొలత ఎలా తీస్తారో మా పదవ తరగతి పిల్లలకు చూపించమని కోరుతున్నాను. వేసవిలో రండి, అప్పుడైతే ఏట్లో దిగవచ్చు.