కార్డు వెనుక నల్లని పట్టీ

బ్యాంకువారు ఇచ్చిన కార్డును ఒకసారి వెనుకకు త్రిప్పి చూడండి. పై అంచుకు కొద్దిగా దిగువన, ఈ కొసనుండి ఆ కొసవరకు, ఒక నల్లని పట్టీ కనబడుతుంది. కొన్ని కార్డులమీద అది గోధుమరంగులో ఉంటుంది. మన సొమ్మంతా ఆ పట్టీలోనే దాగి ఉన్నదని కొందరు అనుకుంటారు. నిజానికి అందులో చిల్లిగవ్వ కూడ లేదు. అందులో ఉన్నది, ఫలానా ఖాతాకు చెందిన కార్డునని చెప్పే ఒక చిన్న వాక్యం మాత్రమే. ఆ వాక్యాన్ని ఎట్లా వ్రాస్తారు, యంత్రం దానిని ఎట్లా చదువుతుంది, ఇంత చక్కగా పనిచేసిన ఏర్పాటును ఎందుకు విరమించుకొనవలసి వస్తున్నది అనే సంగతులను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ఈ పట్టీ రేడియో శ్రోతలకు కొత్తది కాదు, పాత చుట్టమే. ఒకప్పుడు పాటలను, నాటకాలను, ఇట్టి ప్రసంగాలను ఆకాశవాణి కేంద్రాలలో టేపుమీద నిలిపి ప్రసారం చేసేవారు. సన్నని ప్లాస్టిక్ పట్టీమీద ఐరన్ ఆక్సైడ్ పొడిని పూసినదే ఆ టేపు. అయస్కాంతశక్తితో శబ్దాన్ని నిలుపవచ్చునని 1898లో డెన్మార్కు దేశీయుడు వాల్డెమార్ పౌల్సన్ ఉక్కుతీగమీద నిరూపించాడు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ తీగకు బదులు కాగితపు పట్టీకి పొడి పూసి టేపును తయారుచేశాడు. కార్డు వెనుక ఉన్నది ఆ టేపు సంతతియే. దానిమీద పాటకు బదులు అంకెలు ఉంటాయి, అంతే భేదం.

టేపు కార్డుమీదికి ఎక్కిన కథ కూడ ముచ్చటైనది. 1960 దశకంలో అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ ఇంజనీరు ఫారెస్ట్ పారీ, ఆ దేశపు గూఢచారి శాఖవారి గుర్తింపు కార్డులకొరకు, ప్లాస్టిక్ ముక్కమీద టేపును అతికించడానికి ప్రయత్నిస్తున్నాడు. ఏ జిగురు వాడినా టేపు ముడతలు పడడమో, వ్రాత చెడడమో జరిగేది. విసిగి ఇల్లు చేరేసరికి ఆయన భార్య డొరోతియా బట్టలు ఇస్త్రీ చేస్తున్నది. సంగతి విని, ఈ ఇస్త్రీపెట్టెతో ఒత్తి చూడరాదా అన్నది. ఆ వేడికి పట్టీ కార్డులో చక్కగా కలిసిపోయినది. ప్రయోగశాలలో తెగని చిక్కు ఇస్త్రీబల్లవద్ద తెగినది.

ఇక వ్రాత సంగతి. పట్టీలోని రేణువులు ఒక్కొక్కటి ఒక చిన్న అయస్కాంతం. వ్రాసే యంత్రం వాటిని కొంతమేర ఒక దిక్కుకు, మరికొంతమేర అందుకు వ్యతిరేకమైన దిక్కుకు మరల్చి నిలుపుతుంది. చదివే యంత్రంలో సన్నని చీలిక గల లోహపు కడియం, దానికి చుట్టిన తీగ ఉంటాయి. పట్టీ ఆ చీలిక ముందునుండి సాగిపోయేటప్పుడు, అయస్కాంతపు దిక్కు మారిన ప్రతిచోట ఆ తీగలో ఒక స్వల్పమైన విద్యుత్‌స్పందన పుడుతుంది. మారనిచోట ఏమీ పుట్టదు. అనగా యంత్రానికి తెలిసేది మార్పు ఒక్కటే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. టేపు రికార్డరులో టేపును మోటారు సమవేగంతో లాగుతుంది. దుకాణంలో కార్డును గీకేది మనిషి చేయి. ఒకరు చటుక్కున లాగుతారు, మరొకరు నింపాదిగా లాగుతారు. వేగమే నిలుకడ లేనప్పుడు ఏ స్పందన ఏ గుర్తుకు చెందినదో యంత్రానికి ఎట్లా తెలియాలి? దీనికి కనిపెట్టిన ఉపాయం మన తాళం వంటిది. తాళం వేసేవారు సమకాలంలో దెబ్బలు వేస్తారు. రెండు దెబ్బల నడుమ ఏమీ లేకపోతే దానిని సున్న అనుకుందాము. సరిగా నడిమధ్య మరొక దెబ్బ పడితే ఒకటి అనుకుందాము. కీర్తనను విళంబకాలంలో పాడినా, ద్రుతంలో పాడినా దెబ్బల పరస్పర సంబంధం మారదు గదా! పట్టీ మొదట కొన్ని సున్నలను వరుసగా ఉంచుతారు. వాటితో యంత్రం లయ పట్టుకుంటుంది. ఆ తరువాత చేయి కొంత తొందరపడినా, కొంత వెనుకబడినా యంత్రం దానిని అనుసరించి నడుస్తుంది.

ఈ సున్నలు, ఒకట్లు పట్టీమీద మూడు వరుసలలో ఉంటాయి. మొదటి వరుసలో 79 అక్షరాలవరకు పడతాయి. ఖాతాదారు పేరు ఉండేది అక్కడనే. మూడవ వరుసను బ్యాంకు కార్డులలో అరుదుగా వాడారు. చెల్లింపులకు ముఖ్యమైనది రెండవ వరుస. దానిలో 40 స్థానాలు, అంగుళానికి 75 గుర్తులు. ఒక్కొక్క అంకెకు ఐదు గుర్తులు కావాలి: నాలుగు అంకె కొరకు, ఐదవది కాపలా కొరకు. ఐదింటిలోను ఒకట్ల సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉండేటట్లు ఆ కాపలా గుర్తును వేస్తారు. దుమ్మువల్లనో గీతవల్లనో ఒక గుర్తు తారుమారైతే ఆ సంఖ్య సరి అవుతుంది. యంత్రం పొరపాటును పసికట్టి, మరల గీకమంటుంది.

ఆ వరుసలో కార్డు సంఖ్య, గడువు తీరే సంవత్సరము, నెల, కార్డును ఏ విధంగా వాడవచ్చునో తెలిపే మూడంకెలు, బ్యాంకు తన పరీక్షకొరకు వేసుకొన్న కొన్ని అంకెలు ఉంటాయి. ఖాతాలోని నిలువ అందులో లేదు. మనం గుర్తుపెట్టుకొనే పిన్ నంబరు కూడ లేదు. యంత్రం ఈ వాక్యాన్ని చదివి బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు కంప్యూటరు ఖాతాను చూచి, సరేననో కాదనో క్షణాలలో బదులు చెప్పుతుంది. అంతకుముందు దుకాణాలలో కార్డుమీది ఉబ్బెత్తు అంకెలను కార్బన్ కాగితంతో అచ్చు తీసుకొని, చెల్లని కార్డుల జాబితాలో గుమాస్తా వెదుకవలసి వచ్చేది. పట్టీ ఆ శ్రమను తప్పించినది.

అయితే పట్టీ లోపం దాని గుణంలోనే ఉన్నది. అడిగినవారు ఎవరైనా సరే, అది అదే వాక్యం చెప్పుతుంది. అడిగేది దుకాణపు యంత్రమా, దొంగ యంత్రమా అనే వివేచన దానికి లేదు. ఒక టేపుమీది పాటను మరొక టేపుకు ఎక్కించినట్లే ఈ వాక్యాన్ని మరొక పట్టీకి ఎక్కించవచ్చును. బ్యాంకుకు చేరేది వాక్యమే గాని కార్డు కాదు. పలికినది అసలో నకలో దానికి తెలిసే మార్గం లేదు. ఏటీఎంలో కార్డు పెట్టేచోట దొంగ యంత్రాన్ని తగిలించి, మీటలకు ఎదురుగా చిన్న కెమెరా అమర్చి పిన్ నంబరును కూడ సంగ్రహించిన మోసాలు అనేక దేశాలలో జరిగాయి. తాళంచెవి పోతే మనకు తెలుస్తుంది. ఎవరైనా దాని అచ్చు తీసుకొనిపోతే తెలియదు. కార్డు మన సంచిలో భద్రంగానే ఉంటుంది, ఖాతా మాత్రం ఖాళీ అవుతుంది.

ఈ లోపాన్ని తీర్చడానికి వచ్చినదే కార్డు ముందువైపు మెరిసే చిప్పు. అది ఒక చిన్న కంప్యూటరు. తనలోని రహస్యాన్ని అది ఎవరికీ చెప్పదు. చెల్లింపు జరిగిన ప్రతిసారి, ఆ రహస్యంతో లెక్క కట్టి, ఆ ఒక్క పర్యాయానికే చెల్లే కొత్త జవాబు ఇస్తుంది. నిన్నటి జవాబును దొంగిలించినవానికి అది నేడు పనికిరాదు. మన దేశంలో పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబరు 31 లోగా చిప్పు కార్డులుగా మార్చవలెనని రిజర్వు బ్యాంకు గడువు పెట్టినది. 2033 నాటికి తమ కార్డులపై పట్టీయే ఉండదని మాస్టర్‌కార్డ్ సంస్థ 2021లో ప్రకటించినది.

అంతవరకు మన జాగ్రత్త మనకు ఉండవలెను. చిప్పు ఉన్న కార్డును గీకవలసిన అవసరం ఏమి వచ్చినదని అడగడానికి మొగమాటపడవద్దు. కార్డును కంటికి కనబడకుండ తీసుకొనిపోనీయవద్దు. పిన్ నంబరు నొక్కేటప్పుడు రెండవ చేతిని అడ్డుపెట్టండి. పట్టీని నకలు తీసినా ఆ సంఖ్య దొరకనివాడు ఏటీఎంనుండి డబ్బు తీయలేడు. బ్యాంకునుండి ఫోనుకు వచ్చే సందేశాలను వెంటనే చదవండి. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు లేకుండ మూడవవారివల్ల జరిగిన మోసాన్ని, సందేశం అందిన మూడు పనిదినాలలోగా తెలిపితే ఖాతాదారు నష్టం భరించనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నిర్ణయించినది. ఇంటిలోని పెద్దలకు ఈ మూడు రోజుల సంగతి తప్పక చెప్పండి. మోసపోయినామనే సిగ్గుతో వారు నాలుగు రోజులు ఊరుకుంటే, పోయిన సొమ్ముతోపాటు హక్కు కూడ సన్నగిల్లుతుంది.

అడిగిన ప్రతివారికి ఉన్నదంతా చెప్పివేయడం మంచితనమే కావచ్చును. కాని సొమ్ము కాచేవానికి ఆ మంచితనం తగదు. అందుకే నల్లని పట్టీకి ఇప్పుడు విశ్రాంతి లభిస్తున్నది.