విషం పేరు తేలితేనే ప్రాణం నిలుస్తుంది
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ గ్రామంలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నారు. అన్నం, సోయా, ఆలుగడ్డ కూర. కాసేపటికే వాంతులు, కడుపునొప్పి. 23 మంది పసివాళ్లు చనిపోయారు. వంట చేసిన మనిషి కూడా ఆ కూర తిని ఆస్పత్రి పాలైంది.

ఇలాంటప్పుడు కూర పాచిపోయిందనో, బల్లి పడిందనో అనుకుంటాం. అక్కడ అసలు సంగతి ఫోరెన్సిక్ పరీక్షలో బయటపడింది. వంటనూనె డబ్బాలోనూ, పళ్లెంలో మిగిలిన తిండిలోనూ మోనోక్రోటోఫాస్ దొరికింది. మనం పత్తికి కొట్టిన 'మోనో' అదే. పొయ్యి మీద ఉడికినా దాని విషం పోలేదు. 1958లో కేరళలోనూ ఇంతే. పారాథియాన్ మందుతో పాటు ఒకే ఓడలో వచ్చిన గోధుమపిండి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. రెండుచోట్లా విషం పంట నుంచి రాలేదు. తిండి దగ్గరికి మందు చేరడం వల్ల వచ్చింది.

అందుకే గుర్తుపట్టడం మనం నేర్చుకోవాలి. పాడైన తిండి వల్లా వాంతులు, విరేచనాలు అవుతాయి. వాటితో పాటు నోట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే పురుగుమందును అనుమానించాలి. క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి మందులకు అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. డాక్టరుకు ఏ మందో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది. కాబట్టి మిగిలిన కూర, నూనె పారబోయొద్దు, గిన్నెలు కడగొద్దు. మందు డబ్బా దొరికితే లేబుల్‌తో సహా వెంట తీసుకెళ్లాలి.

ఖాళీ మందు డబ్బాలో నూనె, నీళ్లు, పాలు పోయడం మన ఇళ్లలో ఇవాళే ఆగాలి. ఎంత కడిగినా అది మందు డబ్బాయే. మందును వంటింట్లో, ధాన్యం గదిలో పెట్టొద్దు.

ఈ భారమంతా రైతు మీదే వేస్తే ఒప్పుకోం. ఖాళీ డబ్బాలను కంపెనీలే వెనక్కి తీసుకోవాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ నిల్వ ఉండాలి. తిండిలో, రక్తంలో విషాన్ని తేల్చే ప్రయోగశాల ప్రతి జిల్లాలో ఉండాలి. పరీక్ష జరగనిచోట నింద ముందుగా మన పంట మీదే పడుతుంది. ఈ మూడు డిమాండ్లపై ఊరూరా సంతకాలు సేకరించి కలెక్టరుకు ఇద్దాం.