క్రోమ్ సైలెన్సరుకు నల్లని పూత

మోటారు సైకిలుపై మమకారము గల యువకులున్న ఇండ్లలో నేడొక కోరిక తరచుగా వినవచ్చుచున్నది: తళతళలాడు క్రోమ్ సైలెన్సరును, ఇంజనునుండి వంపు తిరిగి దానిని చేరు బెండు పైపును నల్లగా మార్చవలెనని. అభిరుచి ఎవరిది వారిది. అందులో నేను జోక్యము చేసికొనను. కాని అంగడిలో ఒక స్ప్రే డబ్బా కొని, పెరటిలో ఆ మెరుపుమీదనే చల్లి, సాయంకాలమునకు బండిని వీధిలోనికి తీసినచో, ఆ నలుపు కొలది వారములలోనే పెచ్చులుగా రాలిపోవుట ఎందువలననో తెలిసికొన్నగాని, నిలుచు పూత యేదో నిర్ణయింపజాలము.

మనము క్రోమ్ గొట్టమనునది వాస్తవమునకు ఉక్కు గొట్టము. ఆ ఉక్కుపై, మిల్లీమీటరులో వేయవ వంతును ఒక మైక్రానుగా లెక్కించినచో, పది మొదలు నలుబది మైక్రానుల వరకు నికెల్ పొరయు, దానిపై సాధారణముగా అర మైక్రానుకు మించని క్రోమియము పొరయు విద్యుత్తు సాయమున ఎక్కింపబడి యుండును. ఇంత పలుచని క్రోమియము సైతము నికెల్‌ను మాసిపోకుండ కాపాడుచున్నదన్నచో, దానికి కారణము గాలి సోకిన వెంటనే అది తనపై కప్పుకొను ఆక్సైడు తొడుగు. ఆ తొడుగు దేనితోను తేలికగా కలియదు. తుప్పును దరికి రానీయని ఆ గుణమే రంగును సైతము దరికి రానీయదు. దీపపు గూటిలో చమురు జిడ్డు పట్టిన గోడకు సున్నము పూసినచో ఎంతకాలము నిలుచునో, క్రోమ్‌పై రంగు అంతకాలమే నిలుచును.

దీనికి వేడి తోడగును. బుల్లెట్టు వంటి ఒంటి సిలిండరు బండిలో, బరువు లాగునపుడు ఇంజను ద్వారమున వెలువడు వాయువుల వేడిమి 600 డిగ్రీలను దాటును. బెండు పైపు మొదటి జానెడు మేర లోహము 300, 400 డిగ్రీల వరకు కాగును. 400 డిగ్రీలు కాగిన ఉక్కు మీటరు పొడవునకు దాదాపు అయిదు మిల్లీమీటర్లు సాగును. క్రోమియము అందులో ఇంచుమించు సగమే సాగును. బండి నడచినపుడెల్ల సాగి, నిలిచినపుడెల్ల ముడుచుకొను ఈ రెండు లోహముల పెనుగులాటలో క్రోమ్ పొర కంటికి కానరాని బీటలు వారుచుండగా, దానిపై అంటీ అంటకుండ కూర్చున్న రంగు నిలుచుట యెట్లు?

ఇక పూతల సంగతి. సాధారణమైన ఎనామెల్ రంగు ఈ వేడికి మాడిపోవును. పౌడర్ కోటింగు చట్రమునకు మేలైనదేగాని, 200 డిగ్రీల దరిదాపులలో కాల్చి గట్టిపరుపబడు ఆ పొడి 400 డిగ్రీలను సహించునని యాశించుట అత్యాశ. నల్ల క్రోమ్ అను మరియొక విద్యుత్పూత కలదు. సూర్యరశ్మితో నీరు కాచు పరికరములలో వాడబడునదియు అదియే. అది సైలెన్సరు వెనుక భాగమునకు నప్పును, బెండు పైపు మొదటికి నప్పదు. జాగ్వార్ ఈ-టైపు కారు పొగగొట్టములకు వేసిన గాజు ఎనామెల్ 800 డిగ్రీల కొలిమిలో కరిగి అతుకునది గనుక వేడికి జంకదు. రాయి తగిలినచో మాత్రము పెట్లిపోవును.

మిగిలినవి రెండు. సిలికోన్ రంగు అణువుల వెన్నెముక కర్బనము గాక సిలికాను, ఆక్సిజనుల గొలుసు; దానిలోని నలుపు కాటుకమసి గాక, ఇదివరకే ఆక్సీకరణము చెంది ఇక కాలుటకేమియు మిగులని ఇనుము, మాంగనీసు ఆక్సైడులు. అందువలన అది 600 డిగ్రీల వరకు నిలుచును. అయితే డబ్బాపై వ్రాసినట్లు మెట్లు మెట్లుగా వేడి చేసిననే గట్టిపడును. ఆ పని వంట చేసికొను ఓవెనులో చేయరాదు. అంతకంటె దృఢమైనది సిరామిక్ పూత, ఖర్చును ఎక్కువే. ఈ రెండును కోరునది ఒక్కటే: క్రోమ్‌ను, నికెల్‌ను పూర్తిగా తొలగించి, గరుకుగా చేసిన ఉక్కు.

ఆ తొలగింపును ఇంటిలో చేయబూనుట ప్రమాదకరము. ఆమ్లముతో కరిగించినచో ఆవిరులు ఊపిరితిత్తులను దహించును. క్షారములో విద్యుత్తుతో వూడదీసినచో క్యాన్సరు కారకమైన షడ్బంధ క్రోమియము ఆ ద్రవములోనికి చేరును. పూర్వము క్రోమ్ తొట్ల వద్ద పనిచేసిన కార్మికులకు ముక్కుదూలము చిల్లులు పడినది ఈ షడ్బంధ రూపము వలననే. ఉప్పుకాగితముతో రుద్దినపుడు లేచు నికెల్ ధూళియు మంచిది కాదు. ఇసుకను విసరి గరుకు చేయు పద్ధతి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధిని కలిగించుననియే 1949 నిబంధనలతో బ్రిటన్ దానిని నిషేధించెను. కావున అల్యూమినియము ఆక్సైడు పొడిని మూసిన గదిలో వాడు కార్ఖానాకే ఆ పని అప్పగింపవలెను. నన్నడిగినచో, ఇంత శ్రమకంటె క్రోమ్ గొట్టమును గోనెలో చుట్టి అటకపై భద్రపరచి, క్రోమ్ ఎక్కని ఉక్కు గొట్టమును కొని, దానికి సిలికోన్ రంగు వేయుట చవుక; మనసు మారినపుడు పాతదానిని దింపుకొనవచ్చును.

నల్లబడిన గొట్టము వేడిని ప్రసరించు తీరును మారును. 300 డిగ్రీల వద్ద నల్లని తలము చదరపు మీటరునకు సుమారు 5500 వాట్ల వేడిని కిరణరూపమున వెదజల్లగా, మెరయు క్రోమ్ అందులో పదవ వంతు మాత్రమే వెదజల్లును. అట్లు వెదజల్లి నల్లని గొట్టము తాను కొంత చల్లబడును. ఆ వేడి మాత్రము నడుపువాని పిక్కకు తగులును. కావున సైలెన్సరుపైని రేకు కవచమును అందమునకు అడ్డమని తీసివేయరాదు. పిల్లల కాలు గొట్టమునకు తగిలి కాలినచో టూత్‌పేస్టు, సిరా, వెన్న పూయక, కుళాయి నీటి ధార క్రింద ఇరువది నిమిషములుంచి, పొక్కును చిదుమక, గాయము పెద్దదైనచో వైద్యునికి చూపవలెను. మన బండ్లలో సైలెన్సరు చాలవరకు కుడివైపుననే యుండును గనుక, పిల్లలను ఎడమవైపునుండియే ఎక్కించి, ఎడమవైపుననే దింపవలెను.