సౌండ్ చెవుల్లో గుచ్చుతోందా? స్పీకర్లు అమ్మేసే ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, స్పీకర్లు కొత్తవే, ఖరీదైనవే. కానీ సౌండ్ చెవుల్లో గుచ్చుతోంది. అమ్మేసి వేరేవి కొనాలా?" అని. అప్పుడే అమ్మకండి. నేను అమ్మి దెబ్బ తిన్నాను. ముందు ఆ సంగతి చెప్తాను.

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా. పాతకాలం ఇల్లు. కింద షాబాద్ బండలు, రాతి గోడల మీద సున్నం, కప్పు 11 అడుగుల ఎత్తున. హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. ఎండాకాలం చల్లగా ఉంటుంది గానీ, సౌండ్‌కి మాత్రం ఖాళీ బిందె లాంటిది. అందులో 5.1 సెట్ పెట్టాను. డైలాగ్‌లో 'స', 'శ' వచ్చిన ప్రతిసారీ ఈల వేసినట్టుండేది. మా అమ్మకి వినికిడి కొంచెం తగ్గింది. మాట అర్థం కాక సౌండ్ పెంచమనేది, పెంచితే చెవులు మూసుకునేది. చివరికి సగం సినిమాలో లేచి లోపలికెళ్ళిపోయేది. ఆమె కోసమే కొన్న సెట్ అది.

స్పీకర్లదే తప్పనుకున్నా. సగం ధరకి అమ్మేసి, "మెత్తగా పలుకుతాయి" అంటే ఇంకో సెట్ తెచ్చా. వారం తిరిగేసరికి మళ్ళీ అదే గుచ్చుడు.

ఆషాఢంలో బోనాలకి చుట్టాలొచ్చారు. రాత్రి హాలంతా జంపఖానా పరిచి, దూది పరుపులు, బొంతలు వేసి, పది మందిమి సినిమా పెట్టుకున్నాం. అవే స్పీకర్లు, అదే వాల్యూమ్. సౌండ్ మాత్రం వేరు! అమ్మ చివరిదాకా కూర్చుని చూసింది. చుట్టాలు వెళ్ళిపోయారు, పరుపులు అటకెక్కాయి, గుచ్చుడు తిరిగొచ్చింది. అప్పుడు అర్థమైంది, అరుస్తున్నది స్పీకర్ కాదు, గది అని.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావట్లేదని, వాలెస్ సబైన్ అనే ప్రొఫెసర్‌కి ఆ పని అప్పగించారు. ఆయన దగ్గరలోని థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించుకుని, రాత్రిళ్ళు ఒక్కో వరస పేర్చుకుంటూ, మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. ఆ లెక్కే ఇప్పటికీ వాడుతున్నాం. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో సౌండ్‌ని పీల్చుకునే వైశాల్యంతో భాగించాలి. మా హాలు దాదాపు 52 ఘనమీటర్లు. రాయి, సున్నం 3 శాతం మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ గదిలో మోత 3 సెకన్లకు పైగా నిలుస్తుంది. సినిమా చూసే గదికి అర సెకను చాలు. ఒక మాట మోత ఆగకముందే ఇంకో మాట వచ్చి పడితే ఎవరికి అర్థమవుతుంది?

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా. కోటకి అది గొప్ప. మన హాలుకి కాదు. మీ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. వెనక 'టర్ర్' మని తోక వినిపిస్తే రోగం గదిదే.

మరి ఏం చేయాలి? మొదట, స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందపాటి తివాచీ వేయండి. రెండోది, సోఫాలో కూర్చుని, పక్క గోడ మీద ఒకరిని అద్దం జరపమనండి. స్పీకర్ ఎక్కడ కనిపిస్తే సౌండ్ అక్కడ తగిలి మీ మీదికి వస్తోందన్నమాట. అక్కడ బొంత వేలాడదీయండి, గోడకి రెండంగుళాలు వదిలి. మేం పరుపులు కుట్టే ఆయన దగ్గర పాత దూదితోనే రెండు కుట్టించాం. కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకండి, పని చేయవు. అలాగని గోడలన్నీ కప్పేయొద్దు. పలచటి గుడ్డ పైస్థాయి సౌండ్‌నే పీలుస్తుంది. బాస్ మాత్రం గుయ్యిమంటూ మిగిలిపోతుంది.

మూడోది, స్పీకర్ మూతి సూటిగా చెవికి పెట్టకండి. కొంచెం పక్కకి తిప్పితే ట్వీటర్ పదును తగ్గుతుంది. నాలుగోది, ఇదంతా అయ్యాకే రిసీవర్‌లో ఆటో కాలిబ్రేషన్ చేయండి. ఇంకా పదునుంటే ట్రెబుల్ 1, 2 డెసిబెల్స్ తగ్గించండి. కొన్ని రిసీవర్లలో సినిమా ఈక్యూ అని ఉంటుంది. పెద్ద థియేటర్ కోసం మిక్స్ చేసిన సౌండ్‌ని ఇంటికి తగ్గట్టు మెత్తబరచడానికే అది.

ఇంత చేసినా గుచ్చితే అప్పుడు స్పీకర్లు మార్చండి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినా, పెద్ద షోరూమ్‌కి వెళ్ళినా ఒకటి గుర్తుంచుకోండి. డెమో గదిలో కార్పెట్, కర్టెన్లు ఉంటాయి. అక్కడ 'తళతళ' అనిపించిందే మన రాతి హాల్లో సూదిలా గుచ్చుతుంది. మీకు బాగా తెలిసిన సినిమాలో డైలాగ్ సీన్ పట్టుకెళ్ళండి. అన్ని సెట్లూ ఒకే వాల్యూమ్‌లో వినండి, గట్టిగా మోగిందే బాగుందనిపిస్తుంది కాబట్టి. ఒక్కోటి ఇరవై నిమిషాలు వినండి. ట్వీటర్ సిల్కా, మెటలా అన్నదాన్ని బట్టి తేల్చేయకండి. చెవి అలసిపోతోందా లేదా, అది చూడండి.

మా ఇంట్లో ఇప్పుడు అవే స్పీకర్లు. బొంతలు గోడ దిగలేదు. అమ్మ సినిమా మధ్యలో లేవట్లేదు. నాకైతే ఆ సగం ధర తిరిగి రాదు, మీదన్నా మిగలాలి.

చప్పట్లు కొట్టి చూసి, గది కొలతలతో కామెంట్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో సబ్‌వూఫర్ ఏ మూలన పెట్టాలో చూద్దాం. ఉంటాను, నమస్తే.