శాస్త్రం, రాజకీయం - ఒక ఇంజను కథ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్ర విజ్ఞానం మీద రాజకీయాల ప్రభావం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. డి.ఎ. బకాయిల గురించైతే మనలో ఎవరైనా గంటసేపు మాట్లాడగలం. ఈ విషయం పెద్దది. అందుచేత ప్రపంచమంతా తిరగకుండా ఒక్క ఇంజను కథ చెప్పి ముగిస్తాను.

2025 జూలై 30 సాయంత్రం మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని, శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు లేవడం చూశాం. అది మోసుకెళ్ళినది 2,392 కిలోల 'నిసార్' ఉపగ్రహం. అమెరికా వారి నాసా, మన ఇస్రో కలిసి తయారుచేసినది. మా మనవడు, "తాతయ్యా, అమెరికా దగ్గర అన్ని రాకెట్లుండగా మన దాని మీద ఎందుకు పంపారు?" అని అడిగాడు. ఒప్పందంలో ప్రయోగం మన వంతు అని చెప్పాను. అది నిజమే గాని, పూర్తి జవాబు కాదు. ఆ రాకెట్టు పై అంచెలో వుండే ఇంజను విద్య మనకు అందకుండా చెయ్యాలని ఒకప్పుడు అదే అమెరికా ఎంత పట్టుబట్టిందో వాడికి తెలియదు.

అసలు కథకు ముందు ఒక మాట. రాజకీయం శాస్త్రానికి ఎప్పుడూ శత్రువే అనుకోవడం పొరపాటు. 1961 ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్ గగారిన్‌ను అంతరిక్షంలోకి పంపింది. ఆరు వారాలు దాటగానే, మే 25న, అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ దశాబ్దంలోనే చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని ప్రకటించారు. ఆ పోటీ లేకపోతే 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ కాలు పెట్టేవారా? పోటీలో గెలిచాక డబ్బూ తగ్గింది, ఉత్సాహమూ తగ్గింది. తలపెట్టిన యాత్రల్లో మూడింటిని రద్దు చేశారు. 1972 డిసెంబరు తర్వాత అర్ధ శతాబ్దం పాటు చంద్రుడి మీద మరో మనిషి అడుగు పడలేదు. నడిపించిందీ రాజకీయమే, ఆపిందీ రాజకీయమే.

మన దేశం కూడా ఆ పోటీ వల్ల లాభం పొందింది. మన తొలి ఉపగ్రహం ఆర్యభటను 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు పైకి తీసుకెళ్ళింది. అదే సంవత్సరం ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరి జనమంతా ఒక్క టీవీ ముందు చేరి వ్యవసాయం, ఆరోగ్యం కార్యక్రమాలు చూసిన రోజులు మీలో కొందరికి గుర్తుండే వుంటాయి. 1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహం వారిది, వారు తీసుకున్నారు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఇంజను సంగతి. టీవీకి, టెలిఫోనుకు పనికివచ్చే ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుండాలి. టన్నుల బరువును అంత ఎత్తుకు చేర్చే దారిలో పెట్టడానికి క్రయోజనిక్ ఇంజను బాగా పనికివస్తుంది. అందులో ఇంధనం ద్రవ హైడ్రోజన్. దాన్ని మైనస్ 253 డిగ్రీల చలిలో వుంచాలి. దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీల్లో వుంచాలి. మన ఇంట్లో ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అర మైనస్ 18 దగ్గర వుంటుంది. దీన్నిబట్టి ఆ పని ఎంత కష్టమో ఊహించవచ్చు.

1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంజన్లు ఇవ్వడమే కాదు, వాటిని తయారుచేసే విద్య కూడా నేర్పాలన్నది షరతు. ఆ ఏడాది డిసెంబరుకల్లా సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా ఇస్రో మీద, గ్లావ్‌కాస్మాస్ మీద రెండేళ్ళ ఆంక్షలు విధించింది. క్షిపణి పరిజ్ఞానం వ్యాపించకుండా 1987లో కొన్ని దేశాలు పెట్టుకున్న ఎం.టి.సి.ఆర్. కట్టుబాటుకు ఈ ఒప్పందం విరుద్ధమన్నది వారి వాదన. క్షిపణి అంటే ఆజ్ఞ వచ్చిన వెంటనే ఎగరాలి. గంటల తరబడి అతి చల్లని ఇంధనం నింపి, నిలవ వుంచడానికి వీల్లేని ఈ ఇంజను దానికి అనువు కాదని మన వారు చెప్పారు. ఆ మాట చెవికెక్కలేదు.

అప్పటికి రష్యా ఖజానా ఖాళీ. 1993 జూలైలో విద్య నేర్పే షరతు నుంచి రష్యా తప్పుకుంది. అదే సంవత్సరం అమెరికా అంతరిక్ష కేంద్ర నిర్మాణంలో రష్యాకు భాగస్వామ్యం, ఉపగ్రహ ప్రయోగాల వ్యాపారంలో చోటు దొరికాయి. ఒకరి అవసరం, మరొకరి బలం, మధ్యలో మన కాగితం చిరిగింది. చివరికి మనకు దక్కినవి ఏడు తయారైన ఇంజను అంచెలు. విద్య మాత్రం లేదు.

అది బయటి రాజకీయం. ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1994 నవంబరులో, క్రయోజనిక్ పథకానికి అధిపతిగా వున్న నంబి నారాయణన్ గారిని గూఢచర్యం ఆరోపణతో అరెస్టు చేశారు. ఆ ఆరోపణకు ఆధారం లేదని 1996లో సి.బి.ఐ. తేల్చింది. అయినా 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. ఉద్యోగి జీవితంలో ఒక్క మెమో వస్తేనే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. 24 ఏళ్ళ నింద ఎలా వుంటుందో ఈ సభలో వున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

పని మాత్రం ఆగలేదు. 2001 ఏప్రిల్ 18న తొలి జి.ఎస్.ఎల్.వి. రష్యా ఇంజనుతో లేచింది. మన సొంత ఇంజనుతో 2010 ఏప్రిల్ 15న మొదటిసారి ప్రయత్నించారు. ద్రవ హైడ్రోజన్‌ను అందించే పంపు ఆగిపోయి రాకెట్టు సముద్రం పాలైంది. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ మార్పులు. 2013 ఆగస్టులో కౌంట్‌డౌన్ నడుస్తుండగా ఇంధనం కారుతోందని గమనించి ఆపేశారు. 2014 జనవరి 5న ఆ ఇంజను సక్రమంగా మండి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇంతకంటే పెద్ద క్రయోజనిక్ ఇంజనును కూడా మనవారే చేశారు. 2023 జూలైలో చంద్రయాన్-3ను పంపిన రాకెట్టులో వున్నది అదే.

విచిత్రం చూడండి. ఏ ఎం.టి.సి.ఆర్. పేరు చెప్పి మనల్ని ఆపారో, 2016లో మన దేశం అందులో సభ్యురాలైంది. 1992లో ఆంక్షలు పెట్టిన దేశం 2025లో తన విలువైన రాడారును మన క్రయోజనిక్ రాకెట్టుకు అప్పగించింది.

ఇందులో పొంగిపోవలసినంత మాత్రమే లేదు. 1993 నుంచి 2014 దాకా 20 ఏళ్ళు గడిచాయి. ఆ కాలంలో మన బరువైన ఉపగ్రహాలను దక్షిణ అమెరికాలోని కౌరూ కేంద్రానికి తీసుకెళ్ళి, విదేశీ మారకం చెల్లించి పంపుకున్నాం. 2024 నవంబరులో కూడా 4,700 కిలోల ఉపగ్రహం ఒకటి అమెరికా రాకెట్టు మీదే వెళ్ళింది. ఎవరో పొమ్మన్నారు కాబట్టే మనం ఎదిగామని చెప్పుకోవడం వినడానికి బాగుంటుంది. కాని నేర్పి వుంటే ఇంకా ముందే ఎదిగేవాళ్ళం కదా!

నాకు అర్థమైనది ఇంతే. రాజకీయం వస్తువును ఇవ్వగలదు, ఆపగలదు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోగలదు. చేతికి వచ్చిన పనిని మాత్రం ఎవరూ లాక్కోలేరు. అయితే ఆ పని చేసే మనిషిని నిందల పాలు కాకుండా కాపాడుకోవలసింది మనమే, అంటే మన ప్రభుత్వాలు, మన పోలీసులు, మన పత్రికలు, ఆ పత్రికలు చదివి నమ్మే మనం.

1990ల్లో ఆ ఇంజను మీద పని మొదలుపెట్టినవారిలో కొందరు, అది ఎగిరేనాటికి మనలాగే పెన్షనర్లు. తమ చేతుల మీదుగా మొదలైన ఫైలు తమ సర్వీసులో ముగియలేదు. మన సర్వీసులోనూ అలాంటి ఫైళ్ళు ఎన్ని లేవు? అయినా ఆ ఫైలు సరిగా రాసి, తర్వాతివారికి సరిగా అప్పగించారు. ఉద్యోగ ధర్మమంటే అదే.

మా మనవడికి ఆ రాత్రి ఈ కథంతా చెప్పాను. మీరూ మీ పిల్లలకు చెప్పండి.