నెఫ్రైటిస్: ఒక పాత మాట కథ

బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో డాక్టరు చీటీ పట్టుకుని మందులు కొనే మన తెలుగు రైల్వే కుటుంబాలకు ఈ నాలుగు మాటలు. ఆ చీటీ మీద ఒక్కోసారి 'నెఫ్రైటిస్' అని ఉంటుంది. చాలా పాత మాట. గ్రీకులో 'నెఫ్రోస్' అంటే మూత్రపిండం. ప్రాచీన గ్రీకు వైద్యులకు రాయి వల్ల వచ్చే నొప్పయినా, చీము పట్టినా అదే పేరు.

1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒక సంగతి రాశాడు. ఒళ్లు వాచిన రోగుల మూత్రం వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టేది. అది అల్బుమిన్ అనే ప్రొటీన్. వాళ్లు పోయాక చూస్తే మూత్రపిండాలు చెడి ఉండేవి. ఎంత గొప్ప పరిశీలన! చెంచా, దీపం చాలాయి దానికి. చాలాకాలం దాన్ని 'బ్రైట్ జబ్బు' అనే పిలిచారు.

ఇప్పుడు నెఫ్రైటిస్ అర్థం కుంచించుకుపోయింది. మూత్రపిండం లోపల వాపు వస్తేనే ఆ పేరు. మూడు నెలలు దాటి సాగే నష్టం 'దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి'. మన శ్రీకాకుళం ఉద్దానంలో కుటుంబాలను కూల్చేస్తున్నది ఇదే. ఈ ఛత్తీస్‌గఢ్‌లోనే సుపేబేడా గ్రామాన్ని ఏడిపించిందీ ఇదే. ఉద్దానంలో చాలామందికి షుగర్ లేకుండానే వస్తోంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి కోసం ఎదురుచూడకండి. దాన్ని పట్టించే పరీక్షలు రెండు: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. మళ్లీ చెబుతున్నాను: క్రియాటినిన్, అల్బుమిన్. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లు ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోండి.