పాయింట్ల సర్వేలు – లెక్కకందని జనం

1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేక్షణకు రూపకల్పన చేసినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. శాస్త్రీయంగా ఎంపికైన పల్లెలకు, ఇళ్ళకు సర్వే ఉద్యోగులే వెళ్ళేవారు. నేడు అంతర్జాలంలో పాయింట్లిచ్చే సర్వేలను విద్యార్థులే వెతుక్కుంటూ వెళుతున్నారు. వయస్సు, కుటుంబ ఆదాయం, చివరకు వాడే సబ్బు పేరు సైతం చెప్పిన పిమ్మట ‘ఈ సర్వేకు మీరు అర్హులు కారు’ అనిపించుకోవడమూ కద్దు. పాయింట్లు రావు, చెప్పిన వివరాలు వెనక్కూ రావు. నిర్ణీత సంఖ్య నిండనిదే కూపను చేతికందదు. ముందుగా రుసుము కట్టమన్నచోట జరిగేది సర్వేయే కాదు, మోసం.

అంతకు మించిన లోపం మరొకటున్నది. ఫోను, తీరిక, తరచు ఆంగ్ల పరిజ్ఞానమూ కలవారే ఇక్కడ జవాబిస్తారు. ఆదిలాబాదు గోండు రైతు, భివండీ మరమగ్గాలపై పనిచేసే తెలుగు కార్మికుడు ఆ లెక్కలోనికి రావడం అరుదు. జవాబుల సంఖ్య లక్షలకు పెరిగినా ఆ కొరత తీరదు.